స్థూలకాయ శస్త్రచికిత్స: ముందు వెనుకల ఆహార వ్యాయామములు



మా గ్రామమున రావిచెట్టు చుట్టునున్న అరుగుమీద సాయంకాలము పెద్దలు చేరునప్పుడు నన్ను గుఱించి రెండు విధములైన మాటలు వినవచ్చుచుండెను. కొందఱు “మేస్టరుగారు కడుపు కోయించుకొనిరి, ఇక వారికి దిగులు లేదు, ఏమి తినినను లావెక్కరు” అనిరి. మఱికొందఱు “నోరు కట్టుకొనలేనివాడు కడుపు కట్టించుకొనెను” అనిరి. ఈ రెండు మాటలును సరికావు. మొదటి మాట నమ్మిన రోగి చెడును. రెండవ మాట విన్న రోగి సిగ్గుపడి తన బాధను దాచుకొని చెడును. నేను రెండవ విధమున చెడబోయి బయటపడినవాడను. కనుక ఈ శస్త్రచికిత్సకు ముందును, వెనుకను ఆహార వ్యాయామములు ఎట్లుండవలెనో అనుభవము మీద మీకు మనవి చేయుదును.

నేను ముప్పది యేండ్లకు పైగా ఉన్నతపాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడనుగా ఉంటిని. పిల్లలచేత బస్కీలు తీయించినవాడనే. 2013లో పదవినుండి విరమించిన పిమ్మట ఈల మూలబడినది, నడక మానినది; అన్నము మాత్రము మునుపటి కొలతనే నిలిచినది. 2019 నాటికి నా యెత్తు 168 సెంటీమీటర్లు, బరువు 124 కిలోలు. మధుమేహము, రక్తపు పోటు తోడైనవి. మోకాళ్లు మడతపడక, పొలము గట్టు ఎక్కుటకు మనుమని భుజము పట్టుకొనవలసి వచ్చెను. రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చుచున్నదని నా భార్య భయపడి మేలుకొనియుండెడిది.

పథ్యము చేయలేదా యని మీరు అడుగవచ్చును. చేసితిని. మూడు పర్యాయములు పది పండ్రెండు కిలోల చొప్పున తగ్గితిని. మూడు పర్యాయములును తగ్గినదానికంటె ఎక్కువే పెరిగితిని. ఇది కేవలము మనోబల లోపము కాదని వైద్యులు చెప్పుదురు. బరువు తగ్గిన కొలది శరీరము దానిని కరవుగా భావించి ఆకలి పుట్టించు గ్రెలిన్ అను రసమును అధికము చేయును, వ్యయమును తగ్గించుకొనును. మిక్కిలి స్థూలకాయులకు ఈ పోరాటమున గెలుపు బహు దుర్లభము. అట్టివారి కొఱకే ఈ శస్త్రచికిత్స పుట్టినది.

ఇది ఎవరికి తగును? కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తును రెండు మాఱులు గుణించిన అంకెతో భాగించినచో వచ్చునది శరీర భార సూచి. నాకు అది 44 వచ్చెను. 1991లో అమెరికా వైద్యపండితుల సంఘమొకటి ఈ సూచి 40 అయినవారికి గాని, 35 ఉండి మధుమేహాది వ్యాధులు గలవారికి గాని శస్త్రచికిత్స తగునని నిర్ణయించెను. 2022లో ఈ హద్దును సడలించిరి. మన ఆసియావారికి తక్కువ బరువునందే మధుమేహము వచ్చుచున్నది గనుక, సూచి 27.5 దాటినపుడే ఈ చికిత్సను గుఱించి ఆలోచింపవచ్చుననిరి. అంతమాత్రమున పొట్ట కొంచెము పెరిగిన ప్రతివాడును కత్తి క్రింద పడుకొనవలెనని అర్థము కాదు. ఇటీవల సూదిమందులును వచ్చినవి. ఏది ఎవరికి తగునో వైద్యుడే నిర్ణయింపవలెను.

ఇందు ముఖ్యముగా రెండు పద్ధతులు గలవు. మొదటిదానిలో జీర్ణకోశము నిలువునా కోసి, నాలుగింట మూడు వంతులకు పైగా తీసివేసి, అరటికాయ వంటి సన్నని గొట్టమును మిగుల్చుదురు. ఆకలి రసము పుట్టు భాగము చాలవఱకు దానితో పోవును. రెండవ పద్ధతికి మూలము 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున మేసన్, ఈటో అను వైద్యులు చేసిన శస్త్రచికిత్స. ఇందు జీర్ణకోశము పైభాగమున కోడిగ్రుడ్డు కంటె చిన్నదగు సంచిని వేఱుచేసి, చిన్నప్రేవు మొదటి భాగమును తప్పించి, దిగువ భాగమునకు అతుకుదురు. నాకు జరిగినది ఇదియే. కృష్ణా కాలువల క్రింద సేద్యము చేయు మనకు దీని మర్మము సులభముగా తెలియును. కాలువను మళ్లించినచో పాత కాలువ గట్టున నున్న చేలకు నీరు పాఱదు గదా! ఇనుము, సున్నము మొదలగు ధాతువులు ఎక్కువగా ఇంకునది ఆ తప్పించిన ప్రేవు భాగమునందే. కాబట్టి ఈ చికిత్స పొందినవాడు బ్రతికినన్నాళ్లు ఆ లోటును మాత్రలతో పూరించుకొనవలెను. ఈ యొక్క మాట నాటి నా మనస్సునకు పట్టలేదు. పట్టినచో ఇప్పుడు నేను చెప్పబోవు కథ ఉండెడిది కాదు.

మొదట శస్త్రచికిత్సకు ముందరి సంగతి. వైద్యులు నన్ను వెంటనే బల్లమీద పడుకొనబెట్టలేదు. మూడు నెలలు సిద్ధము కమ్మనిరి. ఏబది యేండ్లుగా కాల్చుచున్న చుట్టను ఆ దినముననే మానిపించిరి. పొగ త్రాగువానికి ఊపిరితిత్తులు చెడును, కుట్లు మానవు, అతుకుచోట పుండ్లు పుట్టును. రక్తము తీసి ఇనుము, బి12, డి విటమినుల కొలతలు చూచిరి. లావుగా నున్నవాడు పుష్టిగా నున్నాడనుకొనుట పొరపాటు. నా దేహమున క్రొవ్వు మెండుగా నుండియు, డి విటమిను మిక్కిలి తక్కువగా నుండెను. చికిత్సకు ముందే ఆ లోటు తీర్చుకొంటిని.

కడపటి రెండు వారములు దినమునకు సుమారు 1,000 కాలరీల ఆహారము మాత్రమే ఇచ్చిరి. అన్నము, చక్కెర, నూనె బాగుగా తగ్గించి, మజ్జిగ, పలుచని పప్పు, గ్రుడ్డులోని తెలుపు, కూరగాయలు తినుమనిరి. దీనికి కారణము గలదు. స్థూలకాయుని కాలేయము క్రొవ్వుతో ఉబ్బి జీర్ణకోశముపై వ్రాలియుండును. ఈ పథ్యముచే అది కుదించుకొని, వైద్యుని పనిముట్లకు దారి యిచ్చును. మధుమేహమునకు మందులు వాడువారు ఈ పథ్యమును తమంత తాము ఆరంభింపరాదు; ఆహారము తగ్గి మందు తగ్గనిచో రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోవును.

వ్యాయామము మాట. పరుగు తీయుమనలేదు. మొదటి వారము పూటకు పది నిమిషములు, మోకాలు ఓర్చినంత మెల్లగా నడువుమనిరి. వారమునకు ఐదేసి నిమిషములు పెంచితిని. నిండుగా ఊపిరి పీల్చి విడుచుట దినమునకు నాలుగు మాఱులు చేసితిని. దండ నేర్పినవానికి ఇది పసిపిల్లల ఆటవలె తోచెను. అయినను మత్తుమందు వదలిన తరువాత ఊపిరి నిండుగా తీసి దగ్గగలిగినది ఆ యభ్యాసము వలననే.

శస్త్రచికిత్స జరిగిన సాయంకాలమే నన్ను లేపి వరండాలో నాలుగడుగులు వేయించిరి. కాళ్లలో రక్తము గడ్డకట్టకుండుటకు అది అవసరము. మొదట ఒకటి రెండు దినములు గుటక గుటకగా నీరు, పప్పుకట్టు తేట; రెండు వారముల వఱకు పలుచని మజ్జిగ, పాలు, జావ వంటి ద్రవములు; తరువాత రెండు వారములు మెత్తగా నూఱిన పప్పు, పెఱుగు, నలిపిన గ్రుడ్డు; ఆ పిమ్మట ఇడ్లీ, మెత్తని చేప, ఉడికిన కూరలు; ఆఱు మొదలు ఎనిమిది వారములకు సాధారణ భోజనము. ఈ మెట్లలో ఏ యొక్కటి దుముకరాదు. లోపలి అతుకు మానుటకు ఆ కాలము పట్టును.

భోజనవిధి యేమనగా: ముందు మాంసకృత్తులు, తరువాత కూర, కడపట అన్నము. మనము చేయునది దీనికి తలక్రిందులు గదా! దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెను. కోడిగ్రుడ్డు ఒకటికి ఆఱు గ్రాములు, గ్లాసెడు పాలకు ఆఱు గ్రాములు, నూఱు గ్రాముల చేపకు ఇరువది గ్రాములు వచ్చును. శాకాహారులకు పప్పు, పెఱుగు, పనీరు, సోయా చిక్కుడు గింజలు ఆధారము. చాలనిచో వైద్యుడు పొడి ఇచ్చును. ముద్దను నోటిలోనే మెత్తని గుజ్జుగా నమలవలెను. అన్నముతో నీరు త్రాగరాదు, అరగంట ఎడముండవలెను. అయినను దినములో లీటరున్నరకు తగ్గకుండ కొంచెము కొంచెముగా నీరు త్రాగుచునే యుండవలెను. తీపి పదార్థము ఒక్కసారిగా ప్రేవులోనికి జాఱినచో చెమట, గుండెదడ, కడుపునొప్పి, కన్నులు తిరుగుట కలుగును.

ఇక నా కథ. ఏడవ వారమున మా అక్క కుమార్తె పెండ్లి. అక్క నా విస్తరి ముందు కూర్చుండి, “తమ్ముడూ! పిట్టకు వేసినంత కూడ తినవేమిరా? నా చేతి గారె ఒక్కటి తిను, నా మాట పోనీకు” అనెను. తింటిని. ఆ రాత్రి వాంతి యయ్యెను. మఱునాడును అయ్యెను. అది మొదలు ఏమి తినినను నిలువలేదు. మాత్రలు మ్రింగినను వెడలిపోయెను. అందుచే మాత్రలను అలమరలో పెట్టితిని. ఆసుపత్రికి చెప్పవలసినదే, కాని “నోరు కట్టుకొనలేనివాడు” అను మాట చెవిలో మ్రోగుచుండెను. గారె తిని చెడినాడని నలుగురు నవ్వుదురని మూడు వారములు దాచితిని. బరువు త్వరగా తగ్గుచున్నదని లోలోపల సంతోషించితిని కూడ.

పిమ్మట అరికాళ్లు మండసాగెను. నడచునపుడు త్రాగినవానివలె తూలితిని. ఒకనాటి ఉదయము మా పశువులకొట్టము ముందు ఆవు రెండుగా కనబడెను. పడిపోతిని. ఇంటికి వచ్చిన వైద్యుడు నీరసమే అని తలచి గ్లూకోజు సీసా ఎక్కింపబోయెను. అప్పుడు మా కోడలు అడ్డుపడెను. ఆసుపత్రివారిచ్చిన కాగితమును ఆ పిల్ల వంటింటి గోడకు అంటించియుంచెను. “మామగారికి మూడు వారములుగా వాంతులండీ. ఇట్టి రోగికి ముందు థయమిన్ ఇయ్యవలెనని ఇందు వ్రాసినారు” అని చెప్పి, వెంటనే ఆసుపత్రికి టెలిఫోను చేసెను. వారు కోడలి మాటయే సరి యనిరి. థయమిన్ సూదిమందు మొదట నరములోనికి ఎక్కించి, పిదపనే గ్లూకోజు ఇచ్చిరి. కొలది దినములలో చూపు సరిపడెను. కాళ్ల మంట తగ్గుటకు నెలలు పట్టెను. ఎడమకాలి వ్రేళ్లలో తిమ్మిరి నేటికిని గలదు. అది నా మౌనమునకు నేను చెల్లించిన శిస్తు.

థయమిన్ అనగా బి1 విటమిను. దాని నిలువ మన దేహమున రెండు మూడు వారములకు మించి యుండదు. అది లేనిదే శరీరము పిండిపదార్థమును, చక్కెరను వినియోగించుకొనజాలదు. ఆ లోటుగల రోగికి ముందు థయమిన్ ఇయ్యక గ్లూకోజు ఎక్కించినచో ఉన్న రవ్వంతయు ఖర్చై మెదడు చెడును. ఈ వ్యాధి మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. మరపట్టిన తెల్లబియ్యము తినువారికి వచ్చు బెరిబెరి ఇదియే. ఉత్తర సర్కారులలో దీనిని చూచి మాల్కంసన్ అను వైద్యుడు 1835లో మదరాసున గ్రంథమే ప్రకటించెను. నేడు హైదరాబాదులో నున్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన కొఱకే మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. బియ్యము మాఱినను, కాలము మాఱినను, ఆ పాత శత్రువు కడుపు చిన్నదైనవాని గుమ్మమున కాచియుండును. వాంతులు రెండు మూడు దినములు తెంపులేక సాగినచో ఆలస్యము చేయరాదు.

ఆసుపత్రిలో గొట్టము దింపి చూడగా, అతుకుచోట దారి సన్నగిల్లి యుండెను. దానిని వెడల్పు చేసిరి, వాంతులు నిలిచెను. మా అక్క ఏడ్చి, “నా గారెయే నిన్ను చంపబోయెనురా” అనెను. “కాదక్కా, దారి మూసికొనుట ముందే మొదలైనదట. నన్ను చంపబోయినది నా సిగ్గు” అని చెప్పితిని. అదియే సత్యము.

తక్కిన మాత్రల మాట కూడ వినుడు. నా వంటి రోగికి దినదినము పలు విటమినుల మాత్ర, ఇనుము, బి12, డి విటమిను, సున్నపు మాత్రలు జీవితాంతము అవసరము. సున్నము 1,200 మొదలు 1,500 మిల్లీగ్రాముల వఱకు, కొన్ని విడతలుగా. ఇనుపమాత్రను సున్నపుమాత్రతో కలుపరాదు. రెండు గంటల ఎడముండవలెను. ఇనుపమాత్రకు ముందు వెనుకల తేనీరు త్రాగరాదు, ఇనుము ఇంకదు. రక్తము పెరుగుటకు ఫోలిక్ ఆమ్లమును కావలెను. దానిని 1945లో అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన పరిశోధకబృందమునకు నాయకుడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఏడాదికొక మాఱైన రక్తపరీక్ష తప్పదు.

వ్యాయామము లేనిదే ఈ చికిత్స సగమే. బరువు త్వరగా తగ్గునపుడు క్రొవ్వుతోపాటు కండయు కరగును. కండ పోయినవాడు సన్నబడును గాని బలపడడు. ముసలితనమున జాఱిపడి ఎముక విఱుగగొట్టుకొనును. మొదటి ఆఱు వారములు ఐదు కిలోలకు మించిన బరువు ఎత్తరాదు, నడక మాత్రము దినదినము పెంచవలెను. పిమ్మట వారమునకు మొత్తము 150 నిమిషములకు తగ్గకుండ, మాటాడగలిగినంత వేగమున నడువవలెను. వారమునకు రెండు మూడు దినములు కండకు పని కల్పింపవలెను. నేను కుర్చీలో కూర్చుండి చేతుల సాయము లేక లేచుట పదిమాఱులు, గోడకు చేతులానించి దండీలు పదిమాఱులు, ఇసుక నింపిన సీసాలు ఎత్తుట పదిమాఱులు చేయుదును. పిల్లలచేత వందల కొలది బస్కీలు తీయించిన నేను కుర్చీనుండి మూడు మాఱులు లేచి ఆయాసపడిన దినమున, వెనుకటి నా శిష్యులు ఎంత ఓర్పుగలవారో తెలిసికొంటిని.

గ్రామపెద్దలైన మీకు కొన్ని విన్నపములు. మీ యింటనో, ఇరుగుపొరుగుననో ఇట్టి చికిత్స పొందినవారుండిన యెడల, విస్తరివద్ద బలవంతము చేయకుడు. మన మర్యాద కొసరి వడ్డించుటలో నున్నది. వారియెడల మర్యాద, చాలునన్నచోట ఆపుటలో నున్నది. వారికి సారాయి, కల్లు పోయవలదు. ఈ చికిత్స పిమ్మట మద్యము త్వరగా తల కెక్కును, వ్యసనమగు భయమును అధికము. నొప్పులకు అంగడిలో దొరకు మాత్రలలో పెక్కులు అతుకుచోట పుండు పుట్టించును. వైద్యుని అడుగక ఇయ్యరాదు. స్త్రీలకు ఏడాది మొదలు ఏడాదిన్నర వఱకు గర్భము తగదు. కోడండ్రను ఈ విషయమున తొందరపెట్టకుడు. మూడవ నెలనుండి జుట్టు కొంత రాలును. భయపడనక్కఱలేదు, మాంసకృత్తులు సరిగా నుండిన మఱల మొలచును. మధుమేహపు మందు కొలత త్వరలోనే తగ్గవచ్చును గనుక పరీక్షలు తఱచు చేయింపవలెను. అన్నిటికంటె ముఖ్యము: వారిని నవ్వకుడు. నవ్వబడినవాడు వాంతిని దాచును, తూలును దాచును, దాచినవాడు చచ్చిపోవచ్చును.

ఇంత కష్టమునకు ఫలమున్నదా యందురా? స్వీడను దేశమున 1987లో ఆరంభించి అనేక సంవత్సరములు సాగించిన పరిశోధనలో, చికిత్స పొందినవారిలో మరణములు పొందనివారికంటె తక్కువగా నున్నట్లు 2007లో తేలినది. నా మట్టుకు నేను ఏడాదిలో 88 కిలోలకు వచ్చితిని. తరువాత నాలుగు కిలోలు మఱల పెరిగినవి; కారణము పకోడీలని నాకు తెలియును. చిన్న సంచియైనను రోజంతయు నింపుచుండిన నిండుచునే యుండును. శస్త్రచికిత్స ఒక తలుపు తెఱచును. లోనికి నడువవలసినవారము మనమే.

ఇప్పుడు నా భార్య రాత్రులు నిద్రపోవుచున్నది. వేకువను మనుమడు ముందు నడువగా, వాని భుజము పట్టుకొనకయే పొలము గట్టు ఎక్కుచున్నాను. మాత్రల పెట్టె మా కోడలి యధీనమున నున్నది. ఆమె ఇచ్చినపుడు మాఱుమాటాడక మ్రింగుదును. రావిచెట్టు అరుగుమీద నన్ను నవ్విన మిత్రుడొకడు మొన్న రహస్యముగా వచ్చి, తన కుమారుని బరువు 130 కిలోలని, దారి చెప్పుమని అడిగెను. వానికి చెప్పిన మాటలే నేడు మీ యందఱకును చెప్పితిని.

సెలవు.